బూస్టర్ తీసేశాక పనిచేసిన యాంటెన్నా

ముందే చెప్పేస్తున్నా, ఈ టీవీ యాంటెన్నా మంచిదే. అదే డబ్బాలో పెట్టి ఇచ్చిన బూస్టర్, అంటే సిగ్నల్‌ని పెంచే బాక్సు, మాత్రం నా రెండు ఆదివారాలు తినేసింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే ఆకారంలో ఇదే సైజులో బోలెడు కంపెనీలు అమ్ముతున్నాయి, స్టిక్కరు ఒక్కటే తేడా. దీన్ని లాగ్ పీరియాడిక్ అంటారు. రెండు అల్యూమినియం కమ్మీలు ఒకదాని కింద ఒకటి, వాటికి అటూ ఇటూ పుల్లలు, వెనక పొడుగ్గా మొదలై ముందుకి వచ్చేసరికి పొట్టిగా అయిపోతాయి, దూరం నుంచి చూస్తే బాణం మొనలా ఉంటుంది. 694 మెగాహెర్ట్జ్ పైన వచ్చేదాన్ని ఆపే ఫిల్టర్ లోపలే ఉందని డబ్బా మీద రాశారు, నేను కొన్నది ముఖ్యంగా అందుకే.

ఇది ఎందుకు కొనాల్సొచ్చిందంటే, మా టవర్ ఫ్రీక్వెన్సీలు మారుతున్నాయని నెల ముందు నుంచే తెర కింద స్క్రోలింగ్ వేస్తూ ఉన్నారు. ఆ రోజు మళ్లీ స్కాన్ చేసుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు అన్నారు. చేశాను. సగం ఛానెళ్లు మాయం. ఏదో తప్పు నొక్కానేమో అని మళ్లీ చేస్తే ఇంకో నాలుగు పోయాయి. మూడోసారి చేసే ధైర్యం రాలేదు.

కాసేపు కూర్చుని చూస్తే తెలిసిందేంటంటే పోయినవి విడివిడిగా పోలేదు, గుంపులుగా పోయాయి. డిజిటల్‌లో ఛానెల్‌కి ఒక ఫ్రీక్వెన్సీ అని ఉండదు కదా, కొన్ని ఛానెళ్లని మూటకట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపుతారు, ఆ మూటనే మల్టీప్లెక్స్ అంటారు, పొట్టిగా మక్స్. మా టవర్ మీద మూడు మక్స్‌లు అంతకుముందు 50, 55, 59 నంబర్ల మీద ఉండేవి, ఇప్పుడు 23, 26, 29కి దిగాయి. టీవీకి వాడే యూహెచ్‌ఎఫ్ అనే ఫ్రీక్వెన్సీ పట్టీలో ఒక్కో నంబరుకి 8 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇచ్చే చోట్ల దీని లెక్క సులువు, నంబరుని 8తో గుణించి 306 కలిపితే మధ్య ఫ్రీక్వెన్సీ వచ్చేస్తుంది. అంటే 706, 746, 778 మీద ఉన్నవి 490, 514, 538కి వచ్చాయన్నమాట. నాకు పోయినవి సరిగ్గా ఆ మూడు మూటలే. మారని మక్స్ ఒకటి పైన 40ల్లో ఉంది, అది మాత్రం ఎప్పటిలాగే వస్తోంది. మీకూ ఇలా ఉంటే టీవీని తిట్టే ముందు ఏ ఛానెళ్లు ఏ మూటలోవో చూసుకోండి, రోగం సగం అక్కడే దొరుకుతుంది.

కిందికి ఎందుకు దించారంటే పైన ఉన్న జాగా మొబైల్ వాళ్లకి కావాలి, అంతే. 2006 జెనీవా ఒప్పందంలో యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాలకు టీవీ కోసం యూహెచ్‌ఎఫ్‌లో 470 నుంచి 862 దాకా ప్లాన్ వేశారు. తర్వాత 790 పైన ఉన్నది 4జీకి పోయింది, 2015 ప్రపంచ రేడియో సమావేశం తర్వాత 694 పైనున్నది కూడా పోయింది, దానికి యూరోపియన్ యూనియన్ 2020 జూన్ 30 గడువు పెట్టుకుంది, కొన్ని దేశాలు ఇంకొంచెం ఆలస్యం చేశాయి. అమెరికాలో వెడల్పు 6 మెగాహెర్ట్జ్ కాబట్టి పై లెక్క అక్కడ చెల్లదు, అక్కడ 38 నుంచి 51 దాకా ఉన్న స్టేషన్లు 2020 జులై నాటికి ఖాళీ చేయాల్సొచ్చింది, కొన్నయితే ఇంకా కింద ఉండే వీహెచ్‌ఎఫ్ పట్టీలోకే వెళ్లిపోయాయి. అలాంటి చోట ఈ యాంటెన్నా కొనకండి, ఇది పూర్తిగా యూహెచ్‌ఎఫ్‌ది, వీహెచ్‌ఎఫ్‌కి ఇంకా చాలా పొడుగు పుల్లలు కావాలి.

పాత యాంటెన్నాకి ఏమీ కాలేదు. విరగలేదు, ఒరగలేదు. కానీ టేపు పెట్టి కొలిస్తే ముందున్న పుల్లలు 16 సెంటీమీటర్లే ఉన్నాయి. 778 మెగాహెర్ట్జ్ దగ్గర సగం అల పొడవు 19 సెంటీమీటర్లు, 490 దగ్గర 30 సెంటీమీటర్లు. యాగీ అనే ఈ ఒంటి కమ్మీ రకంలో ముందు పుల్లలు పట్టాల్సిన సగం అలకన్నా కాస్త పొట్టిగా ఉంటాయి, అంటే అది పై నంబర్ల కోసమే కోసి చేసింది. కట్టినప్పుడు టవర్ పైనే ఉండేది కాబట్టి కట్టినవాళ్లది తప్పు అనలేం, ఇప్పుడు టవర్ కిందికి దిగింది, ఇది అక్కడే ఉండిపోయింది. అనలాగ్ రోజులైతే చుక్కలు చుక్కలుగా అయినా బొమ్మ కనిపించేది, సర్దుకుని చూసేవాళ్లం. డిజిటల్‌లో ఆ సర్దుబాటు లేదు, వస్తే అద్దంలా వస్తుంది, కాస్త తగ్గితే గళ్లు గళ్లుగా విరిగిపోతుంది, ఇంకాస్త తగ్గితే నల్ల తెర.

మధ్యలో ఒక ఫిట్టింగ్ ఆయన్ని పిలిచాను. పైకెక్కి చూసి అన్నీ మార్చాలి, యాంటెన్నా, వైరు, బూస్టర్, గొట్టం, కావాలంటే డిష్ పెట్టించుకోండి ఇంకా సుఖం అన్నాడు. ఆయన సంచిలో సిగ్నల్ మీటరు ఉంది, బయటికి మాత్రం తీయలేదు. అది తీయకుండానే అన్నీ మార్చాలని ఎలా తెలిసిందో! పంపించేసి నేనే ఎక్కాను.

ఇక బూస్టర్ కథ. డబ్బాలోని కాగితం మీద యాంటెన్నా, దాని కింద బూస్టర్, ఇంట్లో దానికి పవర్ ఇచ్చే చిన్న బాక్సు, ఇలా బొమ్మ వేసి ఉంది. బుద్ధిగా అలాగే కట్టాను. కింద మా తమ్ముడు టీవీ ముందు సిగ్నల్ పేజీ తెరిచి కూర్చున్నాడు.

"అన్నా, స్ట్రెంగ్త్ 97!"

"క్వాలిటీ ఎంతరా?"

"30... 10... మళ్లీ 30."

తిప్పాను. ఎత్తు పెంచాను. ఇక్కడో సంగతి, డిజిటల్‌లో యాంటెన్నా కదిపిన వెంటనే తెర మీద తేడా రాదు, టీవీ లాక్ అవ్వడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కాబట్టి కొంచెం తిప్పి, చెయ్యి తీసేసి, పదిదాకా లెక్కపెట్టి అప్పుడు అడగాలి. మేం మొదట గంటసేపు తిప్పుతూనే అరుచుకున్నాం, దాంతో ఏది ఏ కోణంలో వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. ఆ ఆదివారం అలా పోయింది.

రెండో ఆదివారం సగం అయ్యాక, విసుగొచ్చి, బూస్టర్ పీకేసి వైరుని సూటిగా యాంటెన్నాకి కలిపాను. స్ట్రెంగ్త్ 64కి పడిపోయింది. క్వాలిటీ 100. పోయిన మూడు మూటలూ తిరిగొచ్చాయి.

జరిగిందేంటంటే మా టవర్ అంత దూరమేం కాదు, మేడ మీద నుంచి మధ్యలో అడ్డం కూడా లేదు. యాంటెన్నా ఒంటరిగానే కావాల్సినంత పట్టేస్తోంది. దాన్ని బూస్టర్ మళ్లీ పెంచబోతే బూస్టర్‌కే అజీర్తి చేసింది, తట్టుకోలేనంత సిగ్నల్ లోపలికొస్తే అది తనలో తానే కొత్త చెత్త పుట్టించి అసలు దాంట్లో కలిపేస్తుంది. టీవీకి మాత్రం మొత్తం బోలెడు కనిపిస్తుంది, అందుకే స్ట్రెంగ్త్ 97. ఆ నంబరు చూసి మురిసిపోతే మోసపోయినట్టే. చూడాల్సింది క్వాలిటీ. ఇంకో మాట, బూస్టర్ తీసేస్తే ఇంట్లో ఉన్న దాని పవర్ బాక్సు కూడా తీసేయాలి, టీవీ సెట్టింగుల్లో యాంటెన్నాకి 5 వోల్టులు పంపే ఆప్షన్ ఉంటే అదీ ఆపాలి. ఈ రకం యాంటెన్నాల్లో చాలావాటికి వెనక రెండు కమ్మీలూ కలిసే ఉంటాయి, కరెంటు పంపితే షార్ట్ అని మెసేజ్ వచ్చి మనిషి ఊరికే కంగారు పడతాడు.

బూస్టర్ అసలు పనికిరాదని కాదు. కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీల్లో మీటరుకి సుమారు 0.2 డెసిబెల్ తినేస్తుంది, 20 మీటర్లుంటే 4 డెసిబెల్స్, అంటే పట్టినదాంట్లో సగానికి పైగా వైరులోనే ఆవిరి. రెండు టీవీలకి స్ప్లిటర్ పెడితే ఇంకో 4 పోతాయి. టవర్ దూరమై, వైరు పొడుగై, మూడు గదులకి పంచాలంటే బూస్టర్ కావాలి, అదీ యాంటెన్నా పక్కనే ఉండాలి. టీవీ వెనక పెట్టేది అప్పటికే పాడైన సిగ్నల్‌ని పాడైనట్టే పెద్దది చేస్తుంది. ఇవేమీ అడగకుండా ప్రతి డబ్బాలో ఒకటి కుక్కి అమ్మడమే నాకు నచ్చలేదు.

ఫిల్టర్ సంగతి. మా ఇంటికి ఎదురుగానే మొబైల్ టవర్ ఉంది, యూరప్‌లో 700 బ్యాండ్ వాడే చోట ఫోన్‌కి వచ్చే సిగ్నల్ 758 నుంచి 788 దాకా ఉంటుంది, నా పాత యాంటెన్నా అన్నిటికన్నా బాగా పట్టేది దాదాపు అక్కడే! టీవీది వదిలేసి ఎదురు టవర్‌ని పట్టుకుని కూర్చునేది అన్నమాట. కొత్తది కట్టాక అలాంటి గొడవ కనపడలేదు. ఒక్క జాగ్రత్త, మీ దగ్గర ఇంకా 48వ నంబరు పైన టీవీ మక్స్ ఉంటే ఈ ఫిల్టర్ దాన్ని కూడా ఆపేస్తుంది, కొనేముందు చూసుకోండి.

డబ్బా మీద రాతలు చదివితే నవ్వొస్తుంది. 8కే సపోర్ట్ అట. యాంటెన్నాకి బొమ్మ ఎన్ని పిక్సెళ్లో ఏం తెలుసు, అది అలని పట్టి వైరులో వేస్తుంది, అంతవరకే. డిజిటల్ యాంటెన్నా అన్న మాట కూడా అంతే. ఇన్ని కిలోమీటర్లు పడుతుందని రాసిన అంకె అయితే కొండలూ మేడలూ లేని లోకంలోది. నిజానికి ఈ రకం గొప్ప ఏంటంటే పట్టు మరీ ఎక్కువ ఉండదు గానీ కింది నుంచి పైదాకా దాదాపు ఒకేలా ఉంటుంది, రేపు మళ్లీ నంబర్లు మారినా ఇబ్బంది ఉండదు. ఆ మంచి ముక్క మాత్రం డబ్బా మీద ఎక్కడా రాయలేదు.

తిట్టాల్సినవి ఇంకో రెండున్నాయి. గొట్టానికి బిగించే యు బోల్టు నాసిరకం, మొదటి వానకే తుప్పు మొదలైంది, స్టెయిన్‌లెస్‌ది విడిగా తెచ్చి వేసుకున్నా. కాగితంలో పుల్లలు అడ్డంగా ఉన్న బొమ్మ ఒక్కటే ఉంది, కొన్ని చిన్న టవర్లు నిలువుగా పంపుతాయి, అక్కడ పుల్లలు నిలువుగా రావాలి, ఆ మాట ఒక్క వాక్యంలో రాయొచ్చు. వైరు నాదే, దాన్ని కంపెనీ మీద వేయను. పాతది కోసి చూస్తే రాగి మీద పచ్చగా చిలుము, లోపలికి నీళ్లు దిగాయి. కొత్త వైరు వేసి, యాంటెన్నా దగ్గర ఒక వంపు కిందికి వదిలి, కనెక్టరు మీద రబ్బరు టేపు చుట్టాను.

చివర్లో టీవీ కూడా ఓ ఆట ఆడించింది. పాత లిస్టు అలాగే పెట్టుకుని కొత్తవి పక్కన చేరుస్తోంది, పైగా వెనకవైపున్న ఇంకో టవర్ నుంచి అవే ఛానెళ్లు పలచగా పట్టి ముందు నంబర్లలో వాటిని కూర్చోబెట్టింది. యాంటెన్నా వైరు పీకేసి ఒకసారి స్కాన్ చేస్తే లిస్టు ఖాళీ అయింది, మళ్లీ గుచ్చి ఆ మక్స్ నంబర్లే చేత్తో కొట్టి వెతికించాను, అప్పుడు కుదురుకుంది.

అయిదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒకటీ బూస్టర్‌కీ బోల్టుకీ కోత. మూడు నెలలైంది, ఈ మధ్యలో ఒక్క రెండు రోజులు గాలి కదలకుండా ఉక్కగా ఉన్నప్పుడు 29 మీద మూట విరిగింది, అలాంటప్పుడు ఎక్కడో దూరాన అదే నంబరు మీదున్న టవర్ సిగ్నల్ ఇక్కడిదాకా పాకి అడ్డం పడుతుంది. తమ్ముడు రిమోట్ తీసుకుని స్కాన్ కొట్టబోతే లాక్కున్నాను, అప్పుడు కొడితే ఉన్నవి కూడా పోతాయి. మర్నాటికి అదే వచ్చేసింది.