ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫైర్‌వాల్: పది దాటినా ఆగని వీడియో

విజయనగరంలో మా ఇంటి రౌటర్ చాన్నాళ్లుగా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీదే నడుస్తోంది, అంటే కంపెనీ ఇచ్చినదాని బదులు రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. స్పీడు, రేంజి సంగతులు అందరూ రాసినవే. నాకు పేచీ ఒక్కదానితోనే, దాని ఫైర్‌వాల్‌లో (ఏ డేటాని వదలాలో, ఏది ఆపాలో చూసే కాపలా) టైమ్ పెట్టి నెట్ ఆపే రూలుతో.

ట్రాఫిక్ రూల్స్‌లో సోర్స్ లాన్ (ఇంటి నెట్‌వర్క్), డెస్టినేషన్ వాన్ (బయటి ఇంటర్నెట్), పిల్లల ఫోన్ మాక్ అడ్రసు (ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు), యాక్షన్ రిజెక్ట్, స్టార్ట్ టైమ్ 22:00 అని పెడితే పదికల్లా నెట్ ఆగాలి కదా. ఆగదు. కొత్త యాప్ తెరుచుకోదు గానీ, పదికి ముందే మొదలైన వీడియో దర్జాగా సాగుతుంది. గుంటలు ఈ కిటుకు పట్టేస్తే 9:55కే సినిమా పెట్టుకుంటారు.

రూలు తప్పు కాదు, వరస అలాంటిది. ఇంట్లోంచి బయటికెళ్లే ప్రతి ప్యాకెట్, అంటే డేటా ముక్క, ఫార్వర్డ్ చెయిన్ అనే రూళ్ల వరసలోకొస్తుంది. అక్కడ మన రూళ్లకన్నా పైన ‘ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ (ఇప్పటికే నడుస్తున్న కనెక్షన్‌ది, లేదా దానికి సంబంధించింది) అయితే వదిలెయ్’ అన్న లైనుంటుంది. నడుస్తున్న కనెక్షన్లని రాసుకునే కనెక్షన్ ట్రాకింగ్ పట్టికలో పేరున్న ప్యాకెట్ అక్కడే దాటిపోతుంది, కింద ఎన్ని రిజెక్టులున్నా తగలవు. టీసీపీ రకం కనెక్షన్ ఎంట్రీ కదలిక లేకున్నా 7440 సెకన్లు, అంటే రెండు గంటలపైనే పట్టికలో ఉంటుంది. ఫ్లో ఆఫ్‌లోడింగ్ (నడుస్తున్న కనెక్షన్లని అడ్డదారిన వేగంగా పంపే సెట్టింగ్) కూడా ఆన్‌లో ఉంటే ఆ ప్యాకెట్లు చెయిన్ గడపే తొక్కవు.

మందు ఉంది. ఫోన్‌కి స్టాటిక్ లీజ్ (మారని ఐపీ అడ్రసు) ఇచ్చి, ఆ పట్టికని సవరించే కాన్‌ట్రాక్ ప్యాకేజీ వేసి, ఆ ఐపీ ఎంట్రీలు తుడిచే లైను క్రాన్‌లో (టైముకి పనులు చేసిపెట్టేది) పెట్టాలి. ఐపీవీ6కి (కొత్తరకం ఐపీ అడ్రసులు) వేరే లైను కావాలి. అందులో ఫోన్ అడ్రసు మారుతూంటుంది కనక ఆ ఎంట్రీలన్నీ ఒకేసారి తుడిచేయడం తేలిక. మిగతావాళ్లవి వెంటనే మళ్లీ పట్టికెక్కుతాయి.

22:01కి ఒక్కసారి తుడిస్తే మాత్రం మన ఊళ్లో చాలదు. ఇలాంటి రౌటర్లలో చాలావాటికి గడియారం బ్యాటరీ ఉండదు. పదిన్నరకి కరెంటు పోయొస్తే ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చేది) అందేదాకా పాత టైమే చూపిస్తుంది, ఆ సందులో దూరిన కనెక్షన్ ఇక తెగదు. అందుకే పది నిమిషాలకోసారి తుడవాలి.

ఇదే ఫైర్‌వాల్‌లో మేడమీద అద్దెవాళ్లకి గెస్ట్ జోన్ (మన ఇంటి నెట్‌వర్క్‌తో కలవని విడి నెట్‌వర్క్) విడగొట్టడం భలే సులువని ఒకప్పుడు తెగ మెచ్చుకున్నాను. ఇప్పటికీ కాదనను గానీ, ఇన్‌పుట్ రిజెక్ట్ (వాళ్లు రౌటర్‌నే తాకకుండా ఆపడం) పెట్టాక, ఐపీ అడిగే యూడీపీ 67 పోర్టు, సైట్ల పేర్లు వెతికే డీఎన్ఎస్ 53 పోర్టు విడిగా తెరవాలి. లేకపోతే వైఫై కలుస్తుంది, ఐపీ రాదు.

ఎస్ఎస్‌హెచ్‌లో (కంప్యూటర్ నుంచి రౌటర్‌కి కమాండ్లు పంపే దారి) రెండు లైన్లు రాయడానికి జంకనివాళ్లయితే వేసుకోవచ్చు. మా ఇంట్లో పిల్లల ఫోన్లకి సిమ్ లేదు కాబట్టి నాకు గిట్టుబాటైంది. మొబైల్ డేటా ఉన్న ఫోన్లయితే ఈ తంటా అంతా దండగ.