నడుం బెల్టు: ఒక బ్యాక్‌ప్యాక్‌తో రెండేళ్లు

బ్యాగు బరువు తుంటి మోయాలని, భుజాలది తోడు పట్టే పని మాత్రమేనని నాకు 46 ఏళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసిన రోజు నుంచి ఈ బ్యాగంటే నాకు చెప్పలేనంత ఇష్టం. లీటర్లు, జేబులు, లాప్‌టాప్ అర గురించి రాయను. 40 లీటర్ల బ్యాగులన్నిట్లో అవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నేను చెప్పేదంతా దీని నడుం బెల్టు గురించే.

2023 నవంబరు చివర్లో నేనూ మా ఆయనా థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా తిరగడానికి బయల్దేరాం. యాభై రోజుల ప్రయాణం, చక్రాల సూట్‌కేసు లేకుండా. నాకు వెన్నెముక కింది భాగంలో, ఎల్4, ఎల్5 అనే పూసల దగ్గర డిస్క్ సమస్య ఉంది. రెండు కిలోల కూరగాయల సంచి మోసినా సాయంత్రానికి నడుం పట్టేసేది. అందుకే ఇంట్లో అందరికీ టెన్షనే. వెళ్లే ముందు మూడు వారాలు ఈ బ్యాగులో ఎనిమిది కిలోల బియ్యం పోసుకుని పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడిచాను. మొదటి రెండు రోజులూ భుజాలు కోసుకుపోయాయి. బెల్టును బొడ్డు దగ్గర కట్టుకోవడమే నేను చేసిన తప్పు. దాన్ని తుంటి ఎముకల మీద కూర్చోబెట్టాలి. కాస్త ముందుకు వంగి, బ్యాగును పైకి ఎగరేసి, ముందు బెల్టు బిగించాలి. భుజం పట్టీలు ఆ తర్వాతే లాగాలి, అవి కూడా కింద వేలు దూరేంత వదులుగా ఉండాలి. ఛాతీ మీది చిన్న పట్టీ ఆఖరున. ఈ వరుస పాటించిన మూడో రోజు భుజాల మీద బరువే తెలియలేదు. ఘాటు మెట్ల మీద ఆగి, బియ్యం కారిపోయాయేమోనని వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాను.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది వీపు కొలత. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా టేపు పెట్టి కొలవాలి. నాది 42 సెంటీమీటర్లు. మనిషి ఎత్తుని బట్టి దీన్ని చెప్పలేం. చియాంగ్ మాయ్‌లో ఒకసారి మా ఆయన బ్యాగు తగిలించుకుని చూశాను. పొడుగు వీపు బ్యాగు కదా, బెల్టు నా తొడల మీదికి జారింది. అందులో సామాను తక్కువే ఉన్నా పది నిమిషాలు కూడా నడవలేకపోయాను.

మొదటి పది రోజులూ ఏ ఇబ్బందీ లేదు. బ్యాంకాక్‌లో దూరప్రాంతపు రైళ్లు ఇప్పుడు ఎక్కువగా క్రుంగ్ థెప్ అఫివత్ అనే కొత్త స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయి. దాని లోపలే చాలా దూరం నడవాలి. అక్కడా నాకు ఆయాసం రాలేదు. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ బ్యాగునే పొగిడాను.

థాయ్‌లాండ్‌లోని చియాంగ్ ఖోంగ్ దగ్గర వంతెన దాటితే లావోస్ వైపు హువే సాయ్ వస్తుంది. అక్కణ్నుంచి మెకాంగ్ నది మీద పొడవాటి చెక్క పడవలో రెండు రోజులు వెళ్తే లువాంగ్ ప్రబాంగ్. పడవలో కూర్చోవడానికి పాత వ్యాన్ల సీట్లు వేశారు. సామానంతా వెనక ఒక గదిలో పేర్చారు. నా బ్యాగు అడుగున పడింది. దాని మీద ఎన్ని పెట్టెలు పడ్డాయో, ఎవరి కాలు పడిందో తెలియదు. సాయంత్రం పాక్ బెంగ్ అనే చిన్న ఊళ్లో రాత్రి మజిలీకి దిగాం. అక్కడ రేవు నుంచి రోడ్డు మీదికి నిటారు ఎక్కుడు. బ్యాగు తగిలించుకుని బకిల్ నొక్కితే టక్‌మని శబ్దం రాలేదు. చూస్తే గూడు వైపు పగిలిపోయి ఉంది. రెక్కలు దూరుతున్నాయి కానీ నిలబడటం లేదు.

తొమ్మిది కిలోలు ఒక్కసారిగా భుజాల మీద పడ్డాయి. ఇరవై అడుగులు ఎక్కేసరికి నడుములో ఆ పాత పోటు మొదలైంది. నిజంగా ఏడుపొచ్చింది. ఇంకా నెల పైన తిరగాలి. మా ఆయన "ఇటు ఇవ్వు, నేను మోస్తా" అన్నారు. ఆయన బ్యాగే పదకొండు కిలోలు, ఎలా ఇస్తాను? అప్పుడాయన మెడలోని నూలు తువ్వాలు తీసి బెల్టు రెండు కొసల్లోని కంతల్లోంచి దూర్చి నా నడుం చుట్టూ గట్టిగా కట్టారు. మా ఊళ్లో బస్తాలు మోసేవాళ్లు పనిలోకి దిగే ముందు తువ్వాలు నడుముకి బిగించడం చిన్నప్పుడు రోజూ చూసేదాన్ని. నడుం బిగించడం అని ఊరికే అనలేదు మనవాళ్లు. బకిల్‌తో బిగించినంత పట్టు రాలేదు, ప్రతి యాభై అడుగులకీ ముడి వదులయ్యేది, అయినా ఎక్కేశాను.

గదికెళ్లి టార్చి వేసి చూస్తే అసలు లోపం తెలిసింది. పగిలిన ముక్క బెల్టుకి కుట్టేసి ఉంది. పట్టీ లాగి తీసేసి కొత్తది వేసుకునే దారే లేదు. అటువైపు ముక్క కూడా అంతే, పట్టీ జారిపోకుండా కొసను మడిచి కుట్టారు. ఇంత మంచి బెల్టుకి అంత చిన్న ప్లాస్టిక్ ముక్కే ప్రాణమైనప్పుడు, దాన్ని మార్చుకునేలా చేయకపోవడం తయారు చేసినవాళ్ల తప్పే. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

మర్నాడు సాయంత్రం లువాంగ్ ప్రబాంగ్ చేరాం. రాత్రి బజారు వెనక సందులో ఒకావిడ కుట్టు మిషన్ పెట్టుకుని, అక్కడి ఆడవాళ్లు కట్టుకునే సిన్‌లకి అంచులు కుడుతోంది. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకి రాదు. పగిలిన బకిల్ చూపించాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి లోపలికెళ్లి పాత లైఫ్ జాకెట్ ఒకటి పట్టుకొచ్చింది. దాని నారింజ రంగు బకిల్ జత విప్పింది. నా పట్టీ వెడల్పు ఒకటిన్నర అంగుళం, ఆ బకిల్ అంగుళమే. బ్లేడుతో పాత కుట్లు ఒక్కొక్కటే తెంపి, పట్టీ అంచులు రెండు వైపులా లోపలికి మడిచి, సన్నగా చేసి దూర్చింది. బెల్టు స్పాంజిలోకి మిషన్ సూది దిగలేదు. దబ్బనం తీసి, దారానికి మైనం రాసి చేత్తోనే కుట్టింది. ప్రతి కుట్టుకీ దారాన్ని పళ్లతో పట్టి లాగడం నాకింకా గుర్తుంది. ముప్పావు గంట పట్టింది. 30 వేల కిప్‌లు తీసుకుంది, మన డబ్బుల్లో దాదాపు 120 రూపాయలు. ఇంకా ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నాకు వచ్చిన ఒక్క లావో మాట "ఖోప్ చాయ్" చెప్పి చేతులు జోడించాను.

ఆ బకిల్‌తోనే హనోయ్, హుయే, హోయ్ ఆన్, నాంపెన్, అంగ్‌కోర్ వాట్ తిరిగాను. తర్వాతి ఏడాది నేపాల్‌లో ఉల్లేరి రాతి మెట్లూ ఎక్కాను. మడత పెట్టిన పట్టీ కాస్త జారుతుంది, గంటకోసారి మళ్లీ లాగాలి. అంతకు మించి ఇబ్బంది లేదు.

మొదట్లో ఇంటికి చెప్పిన మాటల్లో కొన్ని సరిదిద్దుకోవాలి. ఎండల్లో ఈ బెల్టు కింద చెమట ఆరదు. నాంపెన్‌లో నడుం చుట్టూ చెమటకాయలు లేచాయి. సల్వార్ బొందు ముడి సరిగ్గా బెల్టు కిందే పడి ఒత్తుకుంటుంది, ఎలాస్టిక్ పైజామాలే మేలు. రెయిన్ కవరు అద్భుతం అన్నాను కానీ, హుయేలో రోజంతా ముసురు పట్టినప్పుడు నీళ్లు వీపు వైపు నుంచి దిగి అడుగున బట్టలు తడిశాయి. అప్పట్నుంచి లోపల పెద్ద చెత్త కవరు పరిచి సర్దుతున్నాను. పడవ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బెల్టు తీసేయడం అలవాటు చేసుకున్నాను. నీళ్లలో పడితే వెంటనే వదిలించుకోగలగాలి.

ఇంకో సంగతి. మొన్న వానాకాలంలో అటక మీంచి దించితే లోపలి పూత జిగురుగా తయారై పొట్టులా రాలింది. ఇలాంటి నైలాన్ బట్టకి లోపల వేసే పాలీయురేథేన్ పూత తేమకి ఇలా పాడవుతుంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టింది నేనే కాబట్టి నింద సగం నాది. గాలి తగిలేలా ఉంచాల్సింది.

కొనొచ్చా అంటే, నాలాగా తొమ్మిది కిలోలు దాటకుండా సర్దుకుని, గెస్ట్‌హౌస్ నుంచి గెస్ట్‌హౌస్‌కి తిరిగేవాళ్లకైతే కొనొచ్చంటాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం నా మాట పట్టుకుని కొనేయకండి. ముందు డాక్టర్ని అడగండి, తర్వాత బియ్యం పోసుకుని వారం నడిచి చూడండి. టెంటు, వంట సామాను మోసేవాళ్ల సంగతి వేరు, అంత బరువు దీని మీద నేను పెట్టి చూడలేదు. షాపులో బకిల్ రెండు వైపులా పట్టీ లాగి చూడండి. ఊడి వచ్చేలా ఉంటే మంచిది, కుట్టేసి ఉంటే అదే కొలత బకిల్ జత ఒకటి జేబులో, దబ్బనం చెక్-ఇన్ సామానులో వేసుకోండి.

వచ్చే డిసెంబరుకి శ్రీలంక అనుకుంటున్నాం. రాలిన పూత గీకేసి బ్యాగును డాబా మీద నీడలో ఆరబెట్టాను. ఆ జిగురు వాసన పోతే ఇదే పట్టుకెళ్తాను. పోకపోతే కొత్తది కొనక తప్పదు. అప్పుడు ఈ నారింజ బకిల్ విప్పి దాచుకుంటాను.