మెదక్ లాడ్జి, డోర్నకల్ భోజనం, మధ్యలో మా అత్తయ్య ప్రార్థన

మెదక్‌లో రూము మాట్లాడుకునేవాళ్ళు ఫోన్‌లో చెప్పిన రేటును వాట్సాప్‌లో రాయించుకోండి. ముందు ఇది చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. మెదక్, డోర్నకల్ చర్చిలు చూడ్డానికి అత్తయ్యతో కలిసి ఐదుగురం వెళ్ళాం. మాకు ఫోన్‌లో చెప్పింది రూముకు 1,400. రెండు రూములకని వెయ్యి రూపాయలు అడ్వాన్స్ కూడా పంపాం. క్రిస్మస్ అయిన వారంలో, శనివారం రాత్రి, సామాన్లతో కౌంటర్ ముందు నిలబడేసరికి అదే రూము 3,600 అయి కూర్చుంది. "పండగ రేటు మేడమ్, ఇష్టముంటే తీసుకోండి" అన్నాడు అక్కడి కుర్రాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. వద్దంటే అడ్వాన్స్ వెనక్కి రాదట.

సరే, డబ్బు తీసుకున్నారు కదా, రూమైనా బాగుందా? లిఫ్ట్ రిపేరు. అత్తయ్యకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి, మాకిచ్చింది రెండో అంతస్తు. వేడినీళ్ళు బకెట్‌కు 40. అదనపు పరుపుకు 500, దాని మీద ఎవరో తిన్న బిర్యానీ మరక ఉచితం. బాత్రూమ్‌కు లోపల గడియ లేదు, నేనూ మా తోటికోడలు అక్కా వంతులేసుకుని తలుపు దగ్గర కాపలా కాశాం. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద బాల్‌పెన్నుతో రాసి ఇచ్చాడు.

కానీ ఆ కౌంటర్ దగ్గరే మేమెవరం ఊహించనిది ఒకటి జరిగింది. మావారూ బావగారూ మార్చి నుంచి నేరుగా మాట్లాడుకోవడం లేదు. "అమ్మా, వాడికి చెప్పు", "అమ్మా, అన్నకు చెప్పు", ఇంతే. విజయవాడ నుంచి సికింద్రాబాద్ దాకా రైల్లో, అక్కడి నుంచి సుమారు వంద కిలోమీటర్లు కార్లో కూడా అదే వరస. అలాంటిది, కుర్రాడు 3,600 అనగానే బావగారు "ఏరా, ఫోన్‌లో ఎంత చెప్పాడు?" అని తమ్ముణ్ణి అడిగారు. మావారు కాల్ లిస్టు తీసి "పద్నాలుగొందలన్నా" అన్నారు. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి అరగంట పోట్లాడి రూముకు 600 తగ్గించారు. నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వాళ్ళ గొడవ ఆస్తి గురించి కాదు. మార్చిలో మామయ్యగారు ప్రభువునందు నిద్రించినప్పుడు, అంటే పోయినప్పుడు, భూస్థాపన ఎవరు చేయించాలన్న దగ్గర మొదలైంది. అత్తయ్య, మేము సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంఘం. బావగారు పదేళ్ళ కిందట పెంతెకొస్తు సంఘంలో చేరి, నీళ్ళలో పూర్తిగా ముంచి ఇచ్చే ముంపు బాప్తిస్మం మళ్ళీ తీసుకున్నారు. మా అయ్యగారు (మా సంఘం పాస్టర్‌ను అలాగే అంటాం) రావాలని మావారు, వాళ్ళ పాస్టర్ గారు రావాలని బావగారు. చివరికి ఇంట్లో ఒకరు, సమాధుల దొడ్డిలో ఒకరు ప్రార్థన చేశారు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడికలు కూడా రెండు పెట్టారు, రెండు ఇళ్ళల్లో, రెండు రకాల భోజనాలతో. అత్తయ్య రెండిటికీ వెళ్ళింది, ఎక్కడా ఆదరణ దొరకలేదంది. సమాధి రాయి మీద ఏ వాక్యం చెక్కించాలో తేలక రాయి వేయడమే ఆగిపోయింది. మెదక్, డోర్నకల్ గుళ్ళు చూడాలి, ఇద్దరు కొడుకులూ వెంట రావాలి అని ఆవిడ పట్టుబట్టింది అందుకే.

మెదక్ చర్చి గురించి చాలామందికి తెలిసిందే. వెస్లియన్ (మెథడిస్టుల్లో ఒక శాఖ) మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. మొదటి ప్రపంచ యుద్ధం, దానికి తోడు కరువు. తిండిలేని జనానికి ఊరికే పెట్టకుండా పని ఇచ్చి అన్నం పెట్టారని, ఆ పనే ఈ గుడి అని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. గోపురం 175 అడుగులు. లోపల ఐదు వేల మంది పడతారంటారు. మేము వెళ్ళిన ఆదివారం మాత్రం పది వేల మంది వచ్చినట్టే అనిపించింది. అందులో బొట్టు పెట్టుకున్నవాళ్ళు, కొబ్బరికాయలు తెచ్చినవాళ్ళు చాలామంది. ఎవరూ ఎవరినీ అడ్డుకోలేదు, అది నాకు నచ్చింది. మెట్ల మీద సెల్ఫీల తోపులాట మాత్రం నచ్చలేదు. అత్తయ్యను ఇద్దరు కొడుకులూ చెరో రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పార్కింగ్ దగ్గర్నుంచి గుమ్మం దాకా మాకు ఇరవై నిమిషాలు పట్టింది.

రాత్రి అక్కడ ఉండాల్సి రావడానికి కారణం కిటికీలే. యేసు జననం, సిలువ, ఆరోహణం, మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడివి. వెలుగు బయటి నుంచి రావాలి కాబట్టి చీకటి పడితే అక్కడ నల్ల గాజు తప్ప ఏమీ కనపడదు. సాయంత్రం చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. బలిపీఠం వెనకున్న ఆరోహణం కిటికీని అత్తయ్య చాలాసేపు చూసింది. కానీ ఆ రద్దీలో ప్రార్థన కుదరలేదంది. శాంతి కోసం వెళ్ళేవాళ్ళు క్రిస్మస్ వారంలో మెదక్ వెళ్ళొద్దు. మామూలు రోజు పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి, చూసుకుని, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోండి. కారుకు మాకు రాత్రి హాల్టు, డ్రైవర్ బత్తాతో కలిపి 6,200 అయింది. అదే రోజు తిరిగొస్తే 4,500లో తేలేది.

సికింద్రాబాద్‌లో ఆ రాత్రి చుట్టాలింట్లో సుఖంగా గడిచింది. మర్నాడు డోర్నకల్.

డోర్నకల్‌లో అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఆగవు, చూసి బుక్ చేసుకోండి. స్టేషన్ నుంచి ఆటోకు 80 అడిగాడు, 80కే తీసుకెళ్ళాడు. మెదక్ తర్వాత అదే మాకు పెద్ద మర్యాదగా తోచింది. ఇక్కడి ఎపిఫనీ కేథడ్రల్, అంటే బిషప్ పీఠమున్న గుడి, మెదక్‌లా ఆకాశాన్ని తాకదు. ఇక్కడ బిషప్‌గా ఉన్న అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి శాఖ) మొట్టమొదటి భారతీయ బిషప్, 1912లో అభిషేకం పొందారు. మన దేశపు గుడి మన దేశపు గుడిలాగే ఉండాలని ఆయన పట్టుదల. అందుకే స్తంభాలు చూస్తే దేవాలయ మంటపం, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తాయి. పూర్తయి ప్రతిష్ఠ జరిగేసరికి 1939 వచ్చింది.

మేము వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. ఆవరణలో ఊడుస్తున్న పెద్దాయన "వందనాలమ్మా" అంటూ వచ్చి తీశారు. "ఎంతసేపైనా కూర్చోండి, నేను బయటే ఉంటా" అన్నారు. వెళ్ళేటప్పుడు వంద రూపాయలివ్వబోతే కానుక పెట్టెలో వేయమన్నారు.

లోపల మేము ఐదుగురమే. అజరయ్య గారి గురించి అత్తయ్యే చెప్పింది, వాళ్ళ నాన్న చెప్పేవాడట. వేర్వేరు మిషన్లు తెచ్చిన గొడవలు మనకెందుకని ఆయన 1919లో సంఘాల ఐక్యత కోసం తమిళనాడు తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచీ తిరుగుతూనే ఉన్నారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి సీఎస్ఐ ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. ఆయన చూడలేదు. మెదక్ వెస్లియన్లది, డోర్నకల్ ఆంగ్లికన్లది. ఆ రోజు తర్వాతే రెండూ ఒకే సంఘం. "అంత పెద్ద పెద్ద మిషన్లు కలిశాయి, మీ నాన్న రాయి మీద ఒక్క వాక్యం దగ్గర మీరు కలవలేరా?" అంది. ఇద్దరూ నేల చూపులే.

తర్వాత ఆవిడ ఒక పాత కీర్తన ఎత్తుకుంది. తెలుగునాట బాప్టిస్టులకూ లూథరన్లకూ మాకూ కూడా ఉన్న కీర్తనల పుస్తకంలోది. బావగారి సంఘంలో ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్, కొత్త పాటలే. అయినా మూడో చరణం దగ్గర మావారు తడబడితే అందించింది బావగారే. మామయ్యగారు చిన్నప్పుడు ఇద్దరికీ కొట్టి నేర్పించారట. పాట అయ్యాక బావగారు ప్రార్థన చేశారు, ఎప్పటిలా గొంతెత్తి కాదు, మామూలుగా. అత్తయ్య పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మార్చి తర్వాత ఆవిడ ఏడవడం చూడటం నాకదే మొదటిసారి, అప్పుడు రెండు కూడికల హడావిడిలో ఏడవనిచ్చింది ఎవరు?

ఇక భోజనం. పెద్దాయన చెప్పిన దారిలో వెళ్తే, బోర్డు కూడా లేని ఇంటి మెస్. అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు, గడ్డపెరుగు. మనిషికి 90. చికెన్ విడిగా 70. పచ్చిపులుసు మా కోస్తావాళ్ళకు కొత్త. అక్క మూడుసార్లు వేయించుకుని, ఎలా చేస్తారో వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చింది. యాత్ర మొత్తంలో నోరు మెదపని అక్క ఆ ఇల్లాలితో అరగంట కబుర్లాడింది. లాడ్జిలో మేము బకెట్ నీళ్ళకు పెట్టిన డబ్బుతో ఇక్కడ ఇద్దరం తినొచ్చు.

తిరుగు రైల్లో రాయి సంగతి తేలింది. వాక్యం బావగారు ఎంచుతారు, రాయి నిలిపిన రోజు ప్రార్థన మా అయ్యగారు చేస్తారు, ఖర్చు చెరి సగం. ఖమ్మం దాటేలోపే చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వొచ్చా అన్న వాదన మళ్ళీ మొదలైందనుకోండి. ఈసారి మాత్రం మధ్యలో అత్తయ్య లేకుండా నేరుగానే వాదించుకున్నారు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నా మాట: ఒక్కటే చూడగలిగితే డోర్నకల్ వెళ్ళండి, రాత్రికి ఖమ్మంలో ఉండండి. మెదక్ రంగుటద్దాలు తప్పక చూడాలి, అయితే జనవరి దాటాక, ఎండ బాగా ఉన్న రోజున. అడ్వాన్స్ మాత్రం ఎవరికీ పంపకండి. మా వెయ్యి గురించి బావగారు ఇప్పటికీ వారానికోసారి ఆ కుర్రాడికి ఫోన్ చేస్తూనే ఉన్నారు.