గర్భసంచి గడ్డకు బిళ్ళా, లూపా? అర్జెంటు బిళ్ళల్లో ఏది మేలు?

నర్సాపురంలో మా మెడికల్ షాపుకి సఖినేటిపల్లి వైపు నుంచి పంటు ఎక్కి గోదారి దాటి వచ్చే ఆడవాళ్లు ఎక్కువ. వాళ్ల ఊళ్లో షాపు లేక కాదు. అక్కడ కొంటే సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుందని భయం. వాళ్లు మొహమాటంగా అడిగేవి ముఖ్యంగా రెండు: బ్లీడింగ్ తగ్గే బిళ్ళ, "రాత్రి పొరపాటైందండి" అని సగంలో ఆపేసి అడిగే బిళ్ళ. రెండూ హార్మోన్ల మీద పనిచేసేవే. ఒక్కోసారి రెండింటిలో ఉండే మందు కూడా ఒకటే. తికమక అక్కడే వస్తోంది.

ఆ బ్లీడింగ్‌ని పెంచే గర్భసంచి గడ్డల సంగతి నాకు కౌంటర్ వెనక నుంచే కాదు, నా ఒంటి మీద కూడా తెలుసు. 2019లో నాకు 44 ఏళ్లు. స్కానింగ్‌లో 5 సెంటీమీటర్ల గడ్డ (డాక్టర్లు ఫైబ్రాయిడ్ అంటారు) కనిపించింది, హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. మొదట చూపించుకున్నచోట "పిల్లలు పుట్టేశారు కదమ్మా, తీయించేసుకోండి" అన్నారు. ఈ మాట మన వైపు ఎంత మామూలైపోయిందంటే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద చూస్తే అది నూటికి 3. ఫైబ్రాయిడ్స్ దాదాపు ఎప్పుడూ కేన్సర్ కావు. నెలసరి ఆగిపోయే వయసు వచ్చాక వాటంతటవే చిన్నవవుతాయి. 46, 47 ఏళ్ల మనిషికి కావలసింది చాలాసార్లు ఆ నాలుగేళ్లు రక్తం పోకుండా నెట్టుకురావడమే. గడ్డ మరీ పెద్దదై మూత్రసంచిని నొక్కుతున్నా, ఏ మందుకీ బ్లీడింగ్ లొంగకపోయినా ఆపరేషన్ సరైనదే, అందులో తప్పులేదు. కానీ అది మొదటి మాట కాకూడదు.

రెండో డాక్టరు నాకు యులిప్రిస్టల్ 5 మిల్లీగ్రాముల బిళ్ళ రాశారు, రోజుకొకటి చొప్పున మూడు నెలలు. పనిచేయడం మాటకొస్తే అది నిజంగా పనిచేసింది, వారం పది రోజుల్లో బ్లీడింగ్ ఆగింది. 2012లో వచ్చిన పరిశోధనల్లో కూడా పదిమందిలో తొమ్మిదిమందికి అదుపులోకి వచ్చింది. నెలకోసారి పొడిచే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌తో పోల్చి చూస్తే బ్లీడింగ్ తగ్గించడంలో రెండూ సమానం. ఒళ్లంతా సెగలు రావడం మాత్రం ఇంజెక్షన్ వాళ్లలో నూటికి 40 మందికి గట్టిగా ఉంటే, బిళ్ళ వాళ్లలో 11 మందికే. ఇంజెక్షన్ ఎక్కువ కాలం వాడితే ఎముకలు కూడా బలహీనపడతాయి. అందుకే దాన్ని ఆపరేషన్‌కి ముందు గడ్డ తగ్గించడానికి కొద్ది నెలలు వాడటం మేలు.

అయితే నాకు బిళ్ళ రాసినచోట లివర్ టెస్టు రాయలేదు. మందుల షాపు నడుపుతూ నేనూ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. యూరప్‌లో ఈ మందు రోజూ వాడిన కొందరికి లివర్ దెబ్బతిని, మార్పిడి చేయాల్సిన పరిస్థితి వచ్చింది. 2020 మార్చిలో అక్కడ దాన్ని ఆపేశారు. ఆ ఏడాది చివర్లో, ఆపరేషన్ కుదరనివాళ్లకు లేదా ఆపరేషన్ చేసినా తగ్గనివాళ్లకు మాత్రమే ఇవ్వాలన్నారు. మొదలుపెట్టేముందు, వాడుతున్నన్నాళ్లూ నెలనెలా, ఆపాక కొన్ని వారాలకు లివర్ టెస్టు చేయించాలి. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చిపోయినా బిళ్ళ ఆపి వెంటనే వెళ్లాలి.

బిళ్ళ ఆపిన రెండు నెలలకే నాకు మళ్లీ మొదలైంది. అప్పుడు హార్మోన్ లూప్ వేయించుకున్నాను. అందులో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ 52 మిల్లీగ్రాములు ఉంటుంది, అది కొంచెం కొంచెంగా గర్భసంచి లోపలే విడుదలవుతుంది. మొదటి నాలుగు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడి విసుగొచ్చింది. ఆ తర్వాత హాయి. గడ్డ పెద్దగా తగ్గలేదు, రక్తం పోవడం తగ్గింది, నాకు కావలసింది అదే. గడ్డ గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చి ఉంటే మాత్రం లూప్ జారిపోవచ్చు. ఎటు ఉందో స్కానింగ్‌లో అడిగి తెలుసుకోండి. నన్నడిగితే, లూప్ కుదిరేవాళ్లకు లూపే మేలు. బిళ్ళ రెండో మాట, అదీ లివర్ టెస్టు చీటీ చేతిలో ఉంటేనే.

ఇక అర్జెంటు బిళ్ళ, అంటే పొరపాటయ్యాక కడుపు రాకుండా వెంటనే వేసుకునేది. మన షాపుల్లో చీటీ లేకుండా దొరికేది లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములది, ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటివి. ఆశా కార్యకర్త దగ్గర ప్రభుత్వ పథకం కింద 2 రూపాయలకే ఇచ్చే బిళ్ళ కూడా ఇదే మందు. 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. యులిప్రిస్టల్ 30 మిల్లీగ్రాముల బిళ్ళ 120 గంటల వరకు పనిచేస్తుంది, అండం విడుదలయ్యే రోజులకు దగ్గర పడినా లెవోనార్జెస్ట్రెల్ కంటే బాగా ఆపుతుంది. రెండూ అండం విడుదలను వాయిదా వేసేవే, వచ్చిన కడుపుని తీసేవి కావు. ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే ఈ రెండింటికన్నా నమ్మకం: వెయ్యిమందిలో ఒకరికి కూడా కడుపు రాదంటారు. బిళ్ళ అయితే నూటికి ఒకరిద్దరికి తప్పిపోతుంది.

ఈ రెండు దారులూ కలిసే చోట చిక్కు ఎలా ఉంటుందో మొన్న వానాకాలంలో చూశాను. లేసు అల్లే అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి, ఒక బిడ్డ, ఇంకొకరు కావాలన్న ఆశ. గడ్డకి యులిప్రిస్టల్ 5 మిల్లీగ్రాములవి వాడుతోంది. ఆ స్ట్రిప్పే నాకు చూపించి, "అక్కా, ఇవి ఆరు ఒకేసారి వేసుకుంటే ఆ బిళ్ళతో సమానం కదా? లేకపోతే ఐ-పిల్ ఇవ్వండి" అంది.

ఆరైదులు ముప్పై, లెక్క సరిపోతుంది. కానీ వైద్యం ఆ లెక్కతో నడవదు. రోజూ ఒంట్లోకి పోతున్న మందు మీద ఆరు బిళ్ళలు సొంతంగా మింగకూడదు. ఐ-పిల్ ఇచ్చినా లాభం లేదు, ఎందుకంటే యులిప్రిస్టల్, లెవోనార్జెస్ట్రెల్ ఒకదాని పనిని ఒకటి చెడగొట్టుకుంటాయి. అందుకే గడ్డకి ఈ బిళ్ళ వాడేవాళ్లు కండోమ్ వాడాలని చెప్పాలి. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. మన వైపు ఆ వయసుకి చాలామందికి పిల్లల ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, ఆ ధీమాతో డాక్టర్లు అడగడం మానేస్తారు. పైగా ఈ బిళ్ళ వాడుతుంటే చాలామందికి నెలసరి ఎలాగూ రాదు, కడుపు వచ్చినా దాన్ని బట్టి తెలియదు. రోజులు లెక్కపెట్టుకుని టెస్టు చేసుకోవాల్సిందే.

పొరపాటై అప్పటికి రెండో రోజు. బిళ్ళ అమ్మకుండా, మా వీధి చివర లేడీ డాక్టర్ గారికి ఫోన్ చేసి పంపాను. గడ్డ గర్భసంచి బయటి వైపు ఉండటంతో ఆవిడ కాపర్ టీ వేశారు, రక్తం ఎక్కువైతే వచ్చే నెల తీసేద్దామన్నారు. గడ్డ బిళ్ళ ఆపించి, లివర్ టెస్టు రాశారు.

మూడు వారాలకి ఆ అమ్మాయి మళ్లీ పంటు దిగి వచ్చింది. టెస్టులో కడుపు లేదు, లివర్ బాగానే ఉంది. ఈసారి గొంతు తగ్గించకుండానే, హార్మోన్ లూప్ ఎంతవుతుందని అడిగింది.