జాగ్రత్త: బురుజు పోస్టర్ టైమ్ మెషిన్ సినిమాకు త్రీడీ టికెట్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఈ వారం మన కర్నూలులో ఆడుతున్న టైమ్ మెషిన్ సినిమా గురించి ఇది. పేరు రాయడం లేదు. పోస్టర్ మీద కొండారెడ్డి బురుజు, దాని వెనక ఆకాశమంత ఎత్తు నీళ్ళు ఉన్నాయే, అదే. కథ మొత్తం బయటపెడుతున్నాం కాబట్టి సస్పెన్స్ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. నలుగురున్న ఇంటికి టికెట్లు, తలా ఒక కళ్ళద్దాల చార్జీ, ఆన్‌లైన్‌లో అయితే టికెట్టుకింత ఫీజు, బండి పార్కింగు, ఇంటర్వెల్‌లో పిల్లలకు పాప్‌కార్న్. అన్నీ కలిపితే ఇంటిల్లిపాదికీ వారం రోజుల ఉగ్గాని బజ్జీ ఖర్చు వస్తుంది. పోగొట్టుకోవాలంటే తెలిసి పోగొట్టుకోండి.

సైన్స్ తప్పు అని గోల చేయడం మా ఉద్దేశం కాదు. టైమ్ మెషిన్ ఉందంటే ఉందనుకుంటాం, టికెట్ చింపినప్పుడే ఆ ఒప్పందం కుదిరిపోతుంది. 1949లో గోడెల్ అంతటి గణిత మేధావే ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచి గతంలోకి మళ్ళే దారి ఉన్న విశ్వాన్ని లెక్కగట్టి చూపించాడు. సినిమావాళ్ళు ఊహించుకుంటే తప్పేముంది? మా బాధల్లా వేరు. సినిమా మొదలైన అరగంటలోపే సైంటిస్టు పాత్ర బోర్డు మీద సుద్దముక్కతో మూడు సూత్రాలు రాస్తాడు. ఒకటి, లోహం ఏదీ మెషిన్‌లోంచి వెనక్కి పోదు. రెండు, ఒకసారి చార్జి చేస్తే మూడే ప్రయాణాలు. మూడు, జరిగిపోయినదాన్ని ఎవరూ మార్చలేరు. ఈ మూడింటినీ ఎవరో వచ్చి చెరపలేదు. రాసినవాళ్ళే తుంగలో, కాదు కాదు, తుంగభద్రలో తొక్కారు.

కథ రెండు ముక్కల్లో: 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరదలో హీరో చెల్లెలు కొట్టుకుపోయింది. ఇప్పుడు ఇంజనీరైన హీరో 2024 నుంచి వెనక్కి వెళ్ళి ఆ పిల్లను కాపాడాలి. కథగా దమ్మున్నదే.

మొదటి సూత్రం కోసం డైరెక్టరు బాగానే కష్టపడ్డాడు. హీరో వాచీ తీస్తాడు, ఉంగరం తీస్తాడు, బెల్టు విప్పేస్తాడు. చివరికి దవడ పంటిలో నింపిన వెండిని కూడా పటకారుతో పీకించుకుంటాడు. రెండు నిమిషాల సీను, పక్క సీట్లో పిల్లలుంటే కళ్ళు మూసుకుంటారు. తీరా 2009లో దిగాక జేబులోంచి ఏం తీస్తాడనుకున్నారు? సెల్‌ఫోను! వెనక మూడు కెమెరాలున్నది. చుట్టూ అల్యూమినియం ఫ్రేము, లోపల రాగి, బ్యాటరీలో లిథియం. పంట్లో రవ్వంత వెండిని ఒప్పుకోని మెషిన్ ఇంత సామానుకు ఎట్లా దారిచ్చింది? ఒక్క డైలాగు లేదు. పైగా ఆ ఫోనుకు 4జీ సిగ్నల్ నిండుగా ఉంటుంది. మన దేశంలో 4జీ మొదలైందే 2012లో, అదీ కలకత్తాలో. సరే, సిగ్నల్ వచ్చిందనుకుందాం. ఆ ఫోను నుంచి చెల్లెలికి లైవ్ లొకేషన్ పంపి ఆమెను మేడ మీదికి ఎక్కిస్తాడు. ఆ పిల్ల చేతిలో ఉన్నదేమో బటన్ల ఫోను, క్లోజప్‌లో చూపించారు కూడా. సెకండాఫ్ సగం ఈ లొకేషన్ మీదే నిలబడింది కాబట్టి చిన్న పొరపాటులే అని వదిలేయడానికి లేదు. మనిషి రక్తంలోనూ ఇనుము ఉంటుంది కదా, అదెట్లా పోయింది అని అడిగే మహానుభావులూ ఉన్నారు. అంత లోతుకు మేం పోవడం లేదు సామీ.

ఇక వరద. కర్నూలోళ్ళకు కడుపు మండేది ఇక్కడే.

క్లైమాక్స్ శ్రీశైలం డ్యాం మీద. విలన్ గేట్లన్నీ ఎత్తేయబోతుంటాడు, ఎత్తితే ఆ నీళ్ళు వచ్చి కర్నూలు మీద పడతాయట. హీరో జనాన్ని తోసుకుంటూ పోయి, తుప్పు పట్టిన ఇనుప చక్రం ఒకటి పట్టుకుని తిప్పి, గేట్లు దించి ఊరిని కాపాడతాడు. వెనక శివతాండవం లెవెల్లో మ్యూజిక్.

అన్నా, కర్నూలు ఉన్నది శ్రీశైలానికి ఎగువన. తుంగభద్ర మంత్రాలయం దాటి, సుంకేసుల దాటి, కర్నూలుకు వస్తుంది. ఇక్కడ హంద్రీ కలుస్తుంది. తర్వాత అలంపురం పక్క నుంచి పోయి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి, అప్పుడు శ్రీశైలం చేరుతుంది. శ్రీశైలం గేట్లు ఎత్తితే నీళ్ళు పోయేది కిందికి, నాగార్జునసాగర్‌కు. వెనక్కి తిరిగి కర్నూలు పాతబస్తీలోకి రావాలంటే నది కొండెక్కాలి. 2009లో జరిగింది కూడా వేరు. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ విరుచుకుపడ్డాయి, కిందేమో శ్రీశైలం నిండి వెనక జలాలు ఎదురు తన్నాయి. డ్యాం పూర్తి మట్టం 885 అడుగులు. అప్పుడు నీళ్ళు 896 అడుగుల దాకా పోయాయి. గేట్లు ఎత్తి ఉండగా పరిస్థితి అది. అట్లాంటి రాత్రి గేట్లు దించితే ఏమవుతుంది? వెనక జలాలు ఇంకా పైకి లేస్తాయి. సినిమాలో చూపించినట్టే జరిగి ఉంటే ఊరిని ముంచింది విలన్ కాదు, మన హీరోనే. ఆ గేట్లు మోటార్లతో కదిలేవి, ఒక్క మనిషి చక్రం తిప్పితే దిగేవి కావు. కానీ అది హీరోయిజం ఖాతాలో వేసి వదిలేస్తున్నాం.

దీనికన్నా పెద్ద బొక్క ఇంకొకటి. హీరో దిగేది అక్టోబరు 1 రాత్రి. అప్పటికే పైన వానలు దంచికొడుతున్నాయి. "టైమ్ లేదు, టైమ్ లేదు" అంటూ పరుగు. చేతిలో టైమ్ మెషిన్ పెట్టుకుని టైమ్ లేదంటాడేమప్పా? ఇంకో వారం వెనక్కి పోయి దిగొచ్చు కదా! ఫలానా రోజుకు మించి వెనక్కి పోలేం అన్న సూత్రం బోర్డు మీద లేదు. అదొక్కటి నాలుగో లైనుగా రాసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. లెక్క కూడా కష్టం కాదు. లక్ష క్యూసెక్కులు (సెకనుకు లక్ష ఘనపుటడుగులు) ఒక రోజంతా వదిలితే 8.64 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). మూడు లక్షల చొప్పున ఐదు రోజులు వదిలితే దాదాపు 130 టీఎంసీలు. పైనుంచి వచ్చిపడేదాన్ని మినహాయించుకున్నా, వరద వచ్చేలోపు రిజర్వాయరులో చోటు దొరికేది. దానివల్ల కర్నూలులో ఎన్ని అడుగులు తగ్గేదో ఇంజనీర్లు కూర్చుని వాదించుకోనీ. కథకు మాత్రం దారి దొరికేది. వారం ముందు వచ్చిన ఒక అనామకుడు "డ్యాం ఖాళీ చేయండి" అంటే ఏ ఆఫీసరు వింటాడు? ఎండ కాస్తున్నప్పుడు వరద వస్తుందని ఎట్లా నమ్మించాలి? అసలు సినిమా అక్కడుంది. దాన్ని వదిలేసి చక్రం పట్టుకున్నారు.

రెండో సూత్రం, మూడే ప్రయాణాలు. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. ఇంటర్వెల్‌కు రెండు అయిపోతాయి, విలన్ దొంగతనంగా వాడింది మూడోది, క్లైమాక్స్‌లో హీరో తిరిగి రావడం నాలుగోది. మధ్యలో చార్జి చేసినట్టు ఎక్కడా లేదు. కానీ ట్రైలర్ మళ్ళీ చూడండి: సోలార్ పలకల మధ్య నుంచి హీరో కేబుల్ లాక్కుంటూ పరిగెత్తే షాట్ ఒకటి ఉంది. గని, శకునాల ఊళ్ళ దగ్గర ఉన్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోటు. ఆ సీను హాల్లో లేదు. అంటే ఈ బొక్క రాతలో పడింది కాదు, ఎడిటింగ్ టేబుల్ మీద పడింది. నిడివి తగ్గించడానికి సీను లేపేశారు, ఆ సీను మోస్తున్న కారణం కూడా దాంతోపాటే పోయింది. మన సినిమాల్లో లాజిక్ లేదని తిట్టుకునేవాటిలో చాలావాటికి మూలం ఇదే. పాటకు, ఫైటుకు కత్తెర పడదు, వివరం చెప్పే సీనుకు పడుతుంది.

న్యాయంగా ఒకటి మెచ్చుకోవాలి. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, పదిహేనేళ్ళ వెనక్కి పోయినవాడు అదే చోట ఎట్లా దిగుతాడని హీరోయిన్ అడుగుతుంది. మెషిన్‌ను భూమి ఆకర్షణకు కట్టేశాం, ఎక్కడ ఎక్కితే అక్కడే దిగుతాం అంటాడు సైంటిస్టు. భేష్, అడిగారు, జవాబిచ్చారు. గంట తర్వాత కర్నూలులో ఎక్కిన విలన్ గండికోటలో దిగుతాడు. లోయ అందంగా ఉంది, ఏం చేస్తారు మరి.

మూడో సూత్రం దగ్గర మొత్తం చేతులెత్తేశారు. గతాన్ని మార్చే కథలకు మూడు దారులుంటాయి. జరిగింది జరిగినట్టే ఉంటుంది, నువ్వు వెనక్కి వెళ్ళడం కూడా అందులో భాగమే అనేది మొదటిది. రష్యా శాస్త్రవేత్త నోవికోవ్ పేరుతో దీన్ని చెబుతారు. మార్చినప్పుడల్లా వేరే లోకం చీలుతుంది అనేది రెండోది. 1957లో భౌతిక శాస్త్రవేత్త ఎవరెట్ ప్రతిపాదించిన అనేక లోకాల సిద్ధాంతాన్ని కథకులు ఇట్లా వాడుకుంటారు. పాతది చెరిగి కొత్తది రాసుకుపోతుంది అనేది మూడోది. ఏదో ఒకటి పట్టుకోవాలి. ఈ సినిమా మూడింటినీ పట్టుకుంది. హీరో నుదుటి మీద చిన్నప్పటి మచ్చ పెట్టింది వెనక్కి వచ్చిన తనే అని తేలుతుంది, అది మొదటి దారి. చెల్లెలు బతకగానే ఇంట్లో ఆమె ఫొటోకు వేసిన దండ పువ్వు పువ్వుగా మాయమవుతుంది, అది మూడో దారి. చివర్లో బురుజు మెట్ల మీద ఇద్దరు హీరోలు పక్కపక్కన కూర్చుంటారు, అది రెండో దారి. దండ మాయమయ్యే షాట్‌కు కంట్లో నీళ్ళు తిరుగుతాయి, అబద్ధం చెప్పం. కానీ దండే లేకపోతే చెల్లెలు పోయిన బాధ లేదు, బాధ లేకపోతే మెషిన్ కట్టడు, మెషిన్ లేకపోతే ఆమెను కాపాడిందెవరు? ఈ ప్రశ్నను చూసేవాళ్ళు వేయక ముందే సినిమా వేసుకోవాలి.

ఇవి కాక 2009లో ఏపీ 39 నంబరు జీపు ఉంది. ఆ సిరీస్ వచ్చింది 2019లో, అప్పట్లో మనకు ఏపీ 21. అంగడి బోర్డు మీద కొత్త రూపాయి గుర్తు ఉంది, అది 2010లో వచ్చింది. "నంద్యాల జిల్లా" అన్న రాయి ఉంది, జిల్లా అయ్యిందే 2022లో. సహాయ శిబిరంలో ఆధార్ అడుగుతారు, మొదటి కార్డు ఇచ్చింది 2010లో. ఇవి ఆర్ట్ డిపార్ట్‌మెంటు తప్పులు, కథ కూలిపోదు. పిల్లలతో వెళ్తే పట్టుకునే ఆట ఆడుకోవచ్చు.

అయినా చూస్తాం అంటారా, త్రీడీ మాత్రం వద్దు. ఇది మామూలు కెమెరాతో తీసి తర్వాత త్రీడీ చేసిన సినిమా, చివరి టైటిల్స్‌లో కన్వర్షన్ చేసినవాళ్ళ పేర్లు వరసగా పడతాయి. వరద సీన్లన్నీ రాత్రిపూటవి. టూడీలో తెర వెలుగు 14 ఫుట్-ల్యాంబర్ట్‌లు (తెర వెలుగును కొలిచే కొలత) ఉండాలన్నది ప్రమాణం, త్రీడీలో కళ్ళద్దాల వెనక సాధారణంగా అందులో మూడో వంతే మిగులుతుంది. ప్రొజెక్టరు ల్యాంపు పాతదైతే అదీ ఉండదు. నీళ్ళెక్కడో, గోడెక్కడో తెలియదు. టికెట్ ఇప్పటికే తీసుకున్నవాళ్ళు కళ్ళద్దాలు చేతికి రాగానే వెలుతురుకు పెట్టి గీతలు, వేలిముద్రలు చూసుకోండి, మెత్తటి గుడ్డ ఒకటి వెంట తీసుకుపోండి. టైటిల్స్ పడేటప్పుడు తల నిటారుగా పెట్టి అక్షరాల అంచులు గమనించండి. అక్షరం పక్కన ఇంకో నీడ అక్షరం కనిపిస్తే ముందు కళ్ళద్దాలు మార్చి చూడండి. మార్చినా పోకపోతే లోపం ప్రొజెక్షన్‌ది, వెంటనే మేనేజరుకు చెప్పండి. ఇంటర్వెల్ దాటాక ఎవరూ వినరు. సీట్లు మధ్యలో, తెరకు మరీ దగ్గర కాకుండా చూసుకోండి, పక్క చివరల నుంచి వెలుగు ఇంకా తగ్గుతుంది.

కౌంటర్లో కొంటే ఆన్‌లైన్ ఫీజు మిగులుతుంది. ఆన్‌లైన్‌లోనే కొంటే డబ్బు కట్టకముందే క్యాన్సిల్ చేసే వీలుందో లేదో చూడండి. ఉన్నా ఆ ఫీజు చాలాసార్లు వెనక్కి రాదు. ఓటీటీలో కోసేసిన సీన్లు కలిపి వేస్తే సోలార్ సీను తిరిగి రావచ్చు, నాలుగో ప్రయాణానికి చార్జింగూ దొరకొచ్చు. శ్రీశైలం నీళ్ళు కర్నూలు ఎక్కే సీనుకు మాత్రం ఏ కత్తెరా పనికిరాదు.