ముప్పై మూడు గంటల డ్యూటీయా, షిఫ్టా, రాత్రి వారమా: జనరల్ మెడిసిన్ పీజీకి ఏది మేలు?

దక్షిణ తెలంగాణకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చి ఎంతో కాలం కాలేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తిలో 2022లో తరగతులు మొదలయ్యాయి. కళాశాల నిలదొక్కుకున్నాక ఎం.డి. విద్యార్థులు, అంటే పీజీలు, వస్తారు, వారితోపాటే డ్యూటీ పట్టిక ఎలా వేయాలన్న ప్రశ్న వస్తుంది. పీజీలు ఎక్కువగా ఉండే హైదరాబాదు ఆసుపత్రుల పట్టికను ఉన్నదున్నట్టు ఇక్కడ అమలు చేయడం సులువే గాని, దాని బరువు ఇక్కడి కొద్దిమంది మీదే పడుతుంది. ఈ ప్రాంతపు ఒక బోధనాసుపత్రిలో మూడు రకాల పట్టికల కిందా పనిచేసినవాణ్ణి కనుక, ఏది మేలో నా అనుభవం మీదనే చెబుతాను.

మొదటిది పాత పద్ధతి. విభాగంలో నాలుగు యూనిట్లు (డాక్టర్ల జట్లు) ఉన్నచోట ఒక్కో యూనిట్‌కు నాలుగు రోజులకోసారి అడ్మిషన్ డే, అంటే కొత్త రోగులను చేర్చుకొనే రోజు, వస్తుంది. ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి క్యాజువాలిటీలోకి అడుగుపెట్టిన పీజీ, రాత్రంతా వచ్చిన కేసులను చేర్చుకొని, మర్నాడు రౌండ్స్ ముగించి, డిశ్చార్జి కాగితాలు రాసి బయటపడేసరికి సాయంత్రం ఐదవుతుంది. అది ముప్పై మూడు గంటలు. తరువాతి రెండు రోజులకు తొమ్మిదేసి గంటలు కలిపితే నాలుగు రోజుల్లో 51, అంటే వారానికి దాదాపు 89 గంటలు. కేంద్ర ఆరోగ్య శాఖ 1992లో ఇచ్చిన రెసిడెన్సీ ఉత్తర్వు, మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలకు మించరాదన్నది. 2023 నాటి పీజీ వైద్యవిద్య నిబంధనలు మాత్రం అంకె ఏదీ చెప్పకుండా ‘సహేతుకమైన పనిగంటలు’ అని ఊరుకున్నాయి. అంకె లేనిచోట ఏది సహేతుకమో పట్టిక వేసేవారే తేల్చుతారు.

అయినా పెద్దలు ఈ పద్ధతిని సమర్థించడానికి బలమైన కారణమే ఉంది. పత్తి చేలున్న ఊళ్ల నుంచి పురుగుల మందు తాగిన కేసు వస్తే, అది ఆర్గానోఫాస్ఫరస్ మందు అయినప్పుడు, విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి, లొంగకపోతే ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. ఎక్కడ ఆపాలన్నది యంత్రం చెప్పదు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గాలి, నాడి ఎనభై దాటాలి, రక్తపోటులో పై అంకె ఎనభైకి తగ్గకూడదు, చంకలో చేయి పెడితే పొడిగా తగలాలి. మోతాదు మించితే రోగికి జ్వరం వస్తుంది, మూత్రం బిగుసుకుంటుంది, మంచం దిగి పారిపోవాలని చూస్తాడు. ఈ రెండు అంచుల మధ్య ఒక మనిషిని నిలబెట్టిన చేతికి, ఆ మనిషి శరీరం గురించి కేసుషీటులోకి ఎక్కని సంగతులు ఎన్నో తెలుస్తాయి. అందుకే అటువంటి రోగిని మధ్యలో వదిలి వెళ్లడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

కానీ ఆ చేయే అలసిపోతుంది. ఒకసారి తెల్లవారి ఆరింటికి, డ్యూటీలో ఇరవై రెండో గంటలో, షుగరు బాగా పెరిగి కీటోన్లు చేరిన రోగికి రాయవలసిన పొటాషియం డ్రిప్పును, పక్క మంచం మీద కిడ్నీలు దెబ్బతిన్న మనిషి కేసుషీటులో రాశాను. సిస్టర్ సీసా చేతిలో పట్టుకొని వచ్చి, “సార్, ఈయనకు పొద్దుగాల పొటాషియం ఎక్కువుందని మీరే రాసిండ్రు కదా” అని అడగకపోతే ఏమై ఉండేదో తలచుకోవడానికి కూడా భయమే. ఇది నా ఒక్కడి లోపం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. ఏకబిగిన ఇరవై నాలుగు గంటలు మేల్కొన్న మనిషి పనితీరు, రక్తంలో మద్యం దాదాపు 0.10 శాతం ఉన్నవాడి పనితీరుతో సమానమని 1997లో తేలింది. పాత పట్టిక కింద ఐ.సి.యు.లో పనిచేసిన ఇంటర్న్‌లు, గంటలు తగ్గించిన పట్టిక కింద కంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారని 2004లో ఒక అమెరికా అధ్యయనం చూపింది.

పాత పద్ధతిని సమర్థించేవారు ఐకంపేర్ అనే మరో అధ్యయనాన్ని ముందుకు తెస్తారు. అమెరికాలో 63 మెడిసిన్ శిక్షణ కేంద్రాలను, పొడవైన షిఫ్టులున్నవి, లేనివి అని రెండు వర్గాలుగా పోల్చితే, పొడవైన షిఫ్టుల వల్ల రోగుల మరణాలు పెరగలేదని అది చెప్పింది నిజమే. అయితే ఆ రెండు వర్గాలకూ వారానికి సగటున 80 గంటల హద్దు ఉంది. ఆ హద్దు దాటిన మన 89 గంటలకు అది వత్తాసు కాజాలదు.

రెండోది పన్నెండు గంటల షిఫ్టు, పగలూ రాత్రీ మారుతూ. నిద్ర దక్కుతుంది, పొరపాటూ తగ్గుతుంది, కానీ పొరపాటు మరోచోట పుడుతుంది. రక్తపింజర కాటు రోగికి విషవిరుగుడు ఇచ్చిన ఆరు గంటలకు, పొడి గాజు గొట్టంలో రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే మందు మళ్లీ ఇవ్వాలి. మా దగ్గర ఒకసారి ఆ ఆరో గంట షిఫ్టు మారే వేళకే పడింది. వెళ్లేవాడు వచ్చేవాడు చూస్తాడనుకున్నాడు, వచ్చినవాడికి సంగతే తెలియదు. గొట్టం మూడు గంటలు ఆలస్యంగా నిలబెట్టారు. ఆ రోగి బతికాడు. అంతకుముందు సాయంత్రమే ఆయన తల్లి, “మీరు పోతె మల్ల ఎవరొస్తరు సారూ?” అని నన్ను అడిగింది. నేను ఒక పేరు చెప్పాను గాని, ఆ పేరుగల మనిషిని ఆమెకు చూపించలేదు.

అప్పగింత సరిగ్గా జరిగితే లాభం ఎంతో కూడా కొలిచారు. తొమ్మిది ఆసుపత్రుల్లో ఐపాస్ అనే క్రమపద్ధతిలో రోగులను అప్పగించినప్పుడు వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో వెలువడింది. దీనికి ఒక నోటుపుస్తకం, అరగంట సమయం చాలు.

మూడోది రాత్రి వారం. ఒక పీజీ వరుసగా ఆరు రాత్రులు, ఎనిమిది నుంచి ఎనిమిది వరకు, రాత్రులే చేస్తాడు. మిగతా వారాల్లో పగలే. నా ఓటు దీనికే. షిఫ్టులో పోయే కొనసాగింపు ఇందులో చాలావరకు తిరిగి వస్తుంది. పాలమూరు వైపు కల్తీ కల్లుకు అలవాటుపడిన మనిషి, జ్వరానికో దెబ్బకో ఆసుపత్రిలో చేరి కల్లు దొరకక, ఒకటి రెండు రోజులకు వణుకు, మూర్ఛ, పలవరింతలలోకి జారతాడు. ఆ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజెపాం వంటివి ఒక్కసారిగా ఆగిపోవడమే కారణం. అతని కలవరం పగటి రౌండ్స్‌లో అణిగి ఉండి చీకటిపడ్డాక లేస్తుంది. నిన్నటి రాత్రిని, మొన్నటి రాత్రిని చూసినవాడే ఇవాళ్టి రాత్రి ఎంత తేడాగా ఉందో చెప్పగలడు. రోజూ మారే షిఫ్టులో ఆ తేడా ఎవరి కంటా పడదు.

దీనికీ నష్టం ఉంది. ఆ వారం రౌండ్స్‌లో ప్రొఫెసరు చెప్పేది, మధ్యాహ్నపు క్లాసు రెండూ పోతాయి. పన్నెండుమంది పీజీలున్న విభాగంలో రాత్రికి ఇద్దరు చొప్పున వేస్తే ఆరు వారాలకోసారి ఈ వంతు వస్తుంది, భరించవచ్చు. ఆరుగురే ఉంటే మూడు వారాలకోసారి వస్తుంది, అప్పుడు చదువు దెబ్బతింటుంది. అటువంటి చోట ఎం.డి. ముగించిన సీనియర్ రెసిడెంట్లు కూడా రాత్రుల్లో వంతు పంచుకోవాలి. అదీ కుదరనప్పుడు పాత పద్ధతినే ఉంచి, అడ్మిషన్ మర్నాడు ఉదయం పదకొండుకల్లా ఇంటికి పంపడం రెండో మేలు.

ఏ పట్టిక వేసినా పురుగుల మందు తాగిన కేసు అప్పగింత మాత్రం పుస్తకంతో సరిపోదని నా పట్టుదల. అట్రోపిన్ నడుస్తున్న రోగి మంచం దగ్గరికి వెళ్లేవాడు, వచ్చేవాడు ఇద్దరూ వెళ్లాలి. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు రోగి చంకలో చేయి పెట్టి చూడాలి, వీపు మీద స్టెతస్కోపు పెట్టి వినాలి. పక్కన కూర్చున్న తల్లికి, “అమ్మా, రాత్రికి ఈ సారు ఉంటడు” అని మనిషిని చూపించి, అప్పుడు గది దాటాలి.