నెలవారీ సభకు మంచి మార్కులు, వార్షికోత్సవానికి అత్తెసరు: ఒక కళాశాల సాహితీ సమితిపై సమీక్ష

కళాశాల సాహితీ సమితి విలువను దాని వార్షికోత్సవాన్ని చూసి నిర్ణయించకూడదని నా అభిప్రాయం. ఆ రోజు శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి సుదీర్ఘ ప్రసంగం, తరగతులు రద్దుచేసి తెచ్చి కూర్చోబెట్టిన శ్రోతలు ఉంటారు. సాహిత్యానికి మిగిలేది చివరి అరగంట. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న ఒక డిగ్రీ కళాశాల సమితి కార్యక్రమాలకు ఈ విద్యాసంవత్సరమంతా శ్రోతగానూ, అప్పుడప్పుడు న్యాయనిర్ణేతగానూ వెళ్ళిన మీదట, నెలవారీ సమావేశాలే దాని అసలు బలమని చెప్పగలను.

వాటిలో ఉత్తమమైనది విద్యార్థి అష్టావధానం, అంటే ఎనిమిదిమంది అడిగే ఎనిమిది అంశాలను ఒకే సభలో ఒక్కడే నిర్వహించే ప్రక్రియ. అవధాని కామర్సు విద్యార్థి. ప్రశ్నలు అడిగే పృచ్ఛకులు ఎనిమిదిమందీ తోటి విద్యార్థులే. నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరం రాకుండా పద్యం చెప్పవలసిన అంశం) అడిగిన అమ్మాయి, అతడు ఒక్కొక్క అక్షరం చెప్పగానే తరువాత రాగల పదాన్ని పసిగట్టి దారి మూసివేస్తూ ఉంటే, అతడు సంధిని అడ్డుపెట్టుకుని ఎవరూ ఊహించని మాటలోకి జారుకున్న తీరు చూడదగినది. దత్తపదికి మెట్రో, ఆటో, బస్సు, రైలు అనే మాటలిచ్చి శ్రీకృష్ణ రాయబారాన్ని వర్ణించమన్నారు. పదమూడేళ్ళు హాజరులేని ధర్మరాజును పరీక్ష రాయనిస్తారా అని, మధ్యమధ్య సరదా ప్రశ్నలతో దృష్టి మళ్ళించే అప్రస్తుత ప్రసంగి అడిగితే, చివరి ఏడాది కంకుభట్టు పేరుతో విరాటుని కొలువులో హాజరు వేయించుకున్నాడు కదా అన్నాడు అవధాని. చెప్పిన పద్యాలను చివర తిరిగి అప్పజెప్పే ధారణలో ఒకచోట తడబడినా, అందించబోయిన పృచ్ఛకుణ్ణి వారించి తానే పాదాన్ని అందుకున్నాడు.

అయితే ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేసే సమస్యాపూరణంలో యతి (పాదం మొదటి అక్షరానికి నియమిత స్థానంలోని అక్షరంతో ఉండవలసిన పొంతన) తప్పిందని సభలో ఒక్కరూ అనలేదు. ఈ సమితికి ఉన్న పెద్ద లోపం అదే. కవిసమ్మేళనంలో చదివిన ప్రతి కవితకూ ఒకే కొలతలో చప్పట్లు పడతాయి. ఎందుకు బాగుందో, ఎక్కడ పలచబడిందో చెప్పేవారు లేరు. సభ్యులలో చాలామంది ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవారు కావడంతో, తెలుగు పద్యం మీద నోరు విప్పడానికి జంకుతున్నారని నాకు అనిపించింది. ఉర్దూ విభాగంతో కలిసి జరిపిన సమావేశంలో మాత్రం ఈ జంకు కనబడలేదు. నజ్మ్ (ఉర్దూ కవిత) చదివిన విద్యార్థి దాని అర్థాన్ని దక్కనీ యాస కలిసిన తెలుగులో చెబుతుంటే, ఒక్కొక్క పంక్తి మీద ప్రశ్నలు వచ్చి సమయం మించిపోయింది. అటువంటి సమావేశాలు నెలకొకటి పెట్టినా ఎక్కువ కాదు.

నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు 1943లో పుట్టింది విద్యార్థుల వసతి గృహమైన రెడ్డి హాస్టల్లోనే. ఆ సంగతిని ఆహ్వాన పత్రికలో గర్వంగా అచ్చువేసుకున్న సమితి, నేడు తెలంగాణ సారస్వత పరిషత్తుగా తిలక్ రోడ్డులో ఉన్న ఆ సంస్థకు గానీ, 1901లో స్థాపితమై ఇప్పుడు సుల్తాన్ బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి గానీ సభ్యులను ఒక్కసారైనా తీసుకువెళ్ళలేదు. రెండూ అంత దూరమేమీ కావు. నేటి కవిత్వం మాత్రమే వింటూ రాసే విద్యార్థులకు పాత పుస్తకాల మధ్య గడిపే ఒక మధ్యాహ్నం, మరొక ప్రశంసాపత్రం కన్నా ఎక్కువ ఉపకరిస్తుంది.

వార్షిక సంచిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: ముందు పుటలన్నీ సందేశాలు, ఛాయాచిత్రాలు, కవితలలో అచ్చుతప్పులు.

పద్యం నేర్చుకోవాలని, నలుగురి ముందు చదవాలని ఉన్నవారు నిస్సంకోచంగా చేరవచ్చు; రుసుము నామమాత్రమే. పోటీల ధ్రువపత్రాల కోసమే చేరేవారికి నెలవారీ సభలు విసుగు పుట్టిస్తాయి. సమావేశం చివరి పీరియడు తరువాత మొదలవుతుంది కనుక, దూరం నుంచి సిటీ బస్సులలో వచ్చే విద్యార్థినులు సగంలోనే లేచి వెళ్ళవలసి వస్తోంది. భోజన విరామం తరువాతకు మార్చమని అధ్యాపక సలహాదారును కోరాను. వచ్చే సెమిస్టరులో ఆలోచిస్తామన్నారు.